లోపలి గెడ

(రాజమహేంద్రవరంలో జరిగిన స్త్రీల హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో దేని గురించి మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే, స్నానాల గదిలో ఫినిషింగు పనుల గురించి మాట్లాడతానని చెప్పాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ మొహమాటంగా, "అంటే పారిశుధ్యం గురించా?" అన్నారు. కాదండీ, గెడ గురించి, కుళాయి గురించి, గోడకు కొట్టే కొక్కెం గురించి అన్నాను. నవ్వేశారు. ఇప్పుడు మీలో కూడా కొందరు నవ్వుతున్నారు. నవ్వు వచ్చే విషయాల్లోనే మనం ఇంతకాలం దాటేసి వచ్చినవి చాలా ఉంటాయని నా అనుభవం. ఇంటి చాకిరీని శ్రమ అన్నప్పుడు నవ్వారు. మొగుడు కొట్టడం నేరం అన్నప్పుడూ నవ్వారు.

మరుగుదొడ్డి స్త్రీల హక్కు అని మనం చాలా ఏళ్ళుగా అంటున్నాం. ఆ మాట ఇప్పుడు ప్రభుత్వాలూ అంటున్నాయి. కానీ గోడలు లేచి, కప్పు పడి, ఫొటో తీసుకుని అధికారులు వెళ్ళిపోయాక ఆ గదిలో ఏం మిగిలింది, ఏం మిగల్లేదు అన్నది ఎవరూ అడగడం లేదు. ఇవాళ అది అడుగుదాం.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. గోదావరి డెల్టాలో నీళ్ళకు కరువు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి కాలవలు ఊళ్ళ మధ్య నుంచే పారుతున్నాయి. నీళ్ళు పుష్కలంగా ఉన్న ఈ నేల మీద స్త్రీకి చాటు మాత్రం ఎప్పుడూ కరువే. మగవాడు కాలవరేవులో పట్టపగలు స్నానం చేస్తాడు. ఆడవాళ్ళు తెల్లవారకముందే రేవుకి వెళ్ళి, చీర కట్టుకునే మునిగి, తడిబట్టలతో ఇంటికి వచ్చేవారు. ఇంటి దగ్గరైతే నూతి గట్టు పక్కనో, బోరింగు పక్కనో తాటాకు దడి. దానికి కప్పు ఉండదు, తలుపు ఉండదు, అడ్డంగా ఒక పాత చీర. ఆ దడి వెనక కూడా లంగా గుండెల మీదికి కట్టుకునే స్నానం. తన ఒంటిని తాను పూర్తిగా చూసుకోకుండానే బతుకు గడిపేసిన ఆడవాళ్ళు మన అమ్మమ్మల తరంలో ఎందరో. బహిర్భూమికి వెళ్ళాలంటే చీకటి పడాలి. చీకటి పడేదాకా ఆపుకోవాలి. ఆపుకోవడానికి నీళ్ళు తాగడం మానాలి. మూత్రంలో మంట, కడుపునొప్పి వస్తే అది 'ఆడవాళ్ళ జబ్బు' అయి ఇంట్లోనే ఉండిపోయేది.

ఇదేదో పురాతన కథ కాదు. 2011 జనగణన లెక్కల్లో దేశంలోని ఇళ్ళలో స్నానాల గది ఉన్నవి 42 శాతం. మరో 16 శాతానికి కప్పులేని మరుగు మాత్రమే ఉంది. అంటే మన తాటాకు దడి. మిగిలిన ఇళ్ళకు అదీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళు అప్పటికి సగానికి లోపే.

పథకాలు రాలేదా అంటే వచ్చాయి. 1986లో కేంద్ర గ్రామీణ పారిశుధ్య కార్యక్రమం, 1999లో సంపూర్ణ పారిశుధ్య ఉద్యమం, 2012లో నిర్మల్ భారత్, 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్. చివరి దానిలో గ్రామీణ కుటుంబానికి 12,000 రూపాయలు ఇచ్చారు. కట్టిన దొడ్డికి ఎక్కడ కట్టారో తెలిసేలా ఫొటో తీసి ఎక్కించాలన్నారు. 2019 అక్టోబరు 2న దేశంలోని గ్రామాలన్నీ బహిరంగ విసర్జన లేనివని ప్రకటించారు. ఇందులో జరిగిన మేలును నేను కాదనను. చీకటి కోసం ఎదురుచూడక్కర్లేని ఆడవాళ్ళు ఇప్పుడు ఎన్నో లక్షల మంది ఉన్నారు. అది చిన్న సంగతి కాదు.

అయితే ఆ ప్రచారాల భాష ఏమిటో గమనించండి. హర్యానాలో 2005లో 'దొడ్డి లేకపోతే పెళ్ళికూతురు లేదు' అన్న అర్థంలో ప్రచారం నడిపారు. మన గోడల మీద కూడా కోడలి పరువు, ఇంటి ఆడపడుచు గౌరవం అనే రాశారు. స్త్రీకి గది కావాల్సింది ఆమె శరీరం కోసమా, ఇంటి పరువు కోసమా? పరువు కోసమే అయితే బయటి గోడకు రంగు వేస్తే సరిపోతుంది. శరీరం కోసమైతే లోపలికి వెళ్ళి చూడాలి.

లోపలికి వెళ్ళిన ఒక సందర్భం చెబుతాను. ఈ ఊరికి ఎంతో దూరంలో లేని ఒక కొత్త కాలనీ. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ఇళ్ళ స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. ఊళ్ళలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పట్టాలు స్త్రీల పేరునే ఇచ్చారు. ఇల్లు కట్టుకోవడానికి లక్షా 80 వేలు. చాలకపోతే పొదుపు సంఘం ద్వారా 35 వేల అప్పు. స్థలాల ఎంపికలో గొడవలు జరిగాయి. మన పక్కనే బూరుగుపూడి ఆవ భూముల వ్యవహారం కోర్టుకెక్కిన సంగతి మీకు తెలుసు. ఆవ అంటేనే నీళ్ళు నిలిచే పల్లం. అక్కడ ఇల్లంటే ఏమిటో ఈ ప్రాంతపు ఆడవాళ్ళను అడిగితే చెప్పేవారు. సరే, ఆ చర్చ వేరు.

నేను వెళ్ళిన ఇంట్లో ఆవిడకు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నర్సరీ పనికి వెళ్తుంది. పట్టా ఆమె పేరున ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం వెనక దాచింది. తీసి చూపించింది. తర్వాత నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తానంటే ఆమె మొహం మారింది. "ఉండండి, నేను బయట నిలబడతాను" అంది. ఎందుకని అడిగితే, "గెడ లేదండి" అంది. రెండున్నరేళ్ళుగా లేదు. తలుపు ఉంది, దానికి బయట గొళ్ళెం ఉంది, లోపల గెడ లేదు. ఇంటికి మామగారు, మరిది, ఎదిగిన కొడుకు ఉన్నారు. లోపలికి వెళ్ళినప్పుడు తలుపుకి నీళ్ళ బకెట్టు ఆనించుకుంటుంది. అడుగుల చప్పుడైతే దగ్గుతుంది. వాళ్ళ పదమూడేళ్ళ పిల్ల అయితే అమ్మ పనినుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడేదాకా స్నానం చెయ్యదు.

గెడ ఖరీదెంత? ఆ రోజు నేను కొన్నది స్క్రూలతో సహా వంద రూపాయలకు లోపే. లక్షా 80 వేల ఇంట్లో వంద రూపాయల వస్తువు లేక ఒక పిల్ల స్నానం ఆగిపోయింది. డబ్బులేక కాదు. ఆ ఇంట్లో అప్పటికి టీవీకి స్టాండు ఉంది, బయట గోడకు రంగు ఉంది. గెడ అవసరం ఎవరికి ఉందో వాళ్ళ చేతిలో నిర్ణయం లేదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు గెడ అవసరం లేదు. బయట గొళ్ళెం మాత్రం మొదటిరోజే పెట్టారు. కుక్కలు దూరకుండా, తలుపు గాలికి కొట్టుకోకుండా. అంటే ఆ తలుపు గదిని కాపాడుతుంది, గదిలో ఉన్న మనిషిని కాపాడదు.

ఇల్లు కట్టడంలో ఒక వరస ఉంది. పునాది, గోడలు, శ్లాబు. వీటికి బిల్లు దశలవారీగా వస్తుంది. గచ్చు, కుళాయి, కొక్కెం, అర, దీపం చివర వస్తాయి. అప్పటికి డబ్బయిపోతుంది, మేస్త్రి ఇంకో పని ఒప్పుకుంటాడు, ఇంటాయనకు విసుగు వస్తుంది. 'అవన్నీ నిదానంగా చేసుకోవచ్చులే' అంటారు. ఆ నిదానం ఏళ్ళకు ఏళ్ళు సాగుతుంది. ఇంట్లో స్త్రీ శరీరానికి నేరుగా తగిలే ప్రతి వస్తువూ ఈ చివరి జాబితాలోనే ఉండటం కాకతాళీయమా? కాదనే నేను అంటున్నాను. పళ్ళెంలో ఆఖరి ముద్ద ఆడదానిదైనట్టే, ఇంటి బడ్జెట్లో ఆఖరి రూపాయి కూడా ఆమె అవసరానిదే. అది మిగిలితే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ తీసుకుందాం. మీరు ఊళ్ళలో పనిచేస్తారు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మొదటిది నీళ్ళు. దొడ్డిలో కూర్చునే బేసిన్లు రెండు రకాలు. పట్నం షాపులో తెల్లగా మెరిసే బేసిను అడుగున చదునుగా ఉంటుంది. దానికి ఒక్కసారికి 10 లీటర్ల దాకా నీళ్ళు కొట్టాలి. పల్లె దొడ్ల కోసం తయారుచేసిన బేసిను అడుగు బాగా ఏటవాలుగా, 25 నుంచి 28 డిగ్రీల వాలుతో ఉంటుంది. దాని కింది వంపులో నిలిచే నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. దానికి లీటరున్నర, రెండు లీటర్లు చాలు. అయిదుగురున్న ఇంట్లో రోజుకు 10 సార్లు వాడారనుకోండి. ఏటవాలు బేసినుకు 20 లీటర్లు, చదును బేసినుకు 100 లీటర్లు. 15 లీటర్ల బకెట్లలో చెప్పాలంటే ఇక్కడ రెండు నిండవు, అక్కడ ఏడు. వీధి కుళాయి నుంచో బోరింగు నుంచో ఆ బకెట్లు మోసేది ఎవరు? బేసిను ఎంచేది మగవాడు, బకెట్టు మోసేది ఆడమనిషి. ఇది అందచందాల విషయం కాదు, శ్రమ విభజన విషయం. నీళ్ళు మోయలేక దొడ్డికి తాళం వేసి అందులో పిడకలు పెట్టుకున్న ఇళ్ళు మీరూ చూసే ఉంటారు. ఆ తాళాన్ని మనం అజ్ఞానం అన్నాం. అది ఒక స్త్రీ తన నడుమును కాపాడుకోవడం కూడా కావచ్చు.

రెండోది నేల. నీళ్ళు తూము వైపు జారాలంటే వాటం ఉండాలి. అడుగుకు పావు అంగుళం చాలు. అయిదడుగుల గదికి అంగుళంపావు. ఈ పావు అంగుళం మేస్త్రి చూసుకోకపోతే మూలన నీళ్ళు నిలిచి పాచి పడుతుంది. దాన్ని జీవితాంతం తోమేది ఇంటి ఇల్లాలు. బండలు గరుకువి వెయ్యాలి. నున్నటి టైల్స్ మీద సబ్బునీళ్ళు పడితే నూనె పడ్డట్టే.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. 'బాత్‌రూములో జారిపడింది' అన్న వాక్యం ఆస్పత్రుల్లో, పోలీసు స్టేషన్లలో మీరెన్నిసార్లు విన్నారు? మన దగ్గరికి వచ్చే స్త్రీల కమిలిన మొహాల వెనక ఎన్నిసార్లు ఆ వాక్యం ఉంది? అందులో కొన్ని నిజంగానే జారిపడ్డవి. వాటికి కారణం చవకబారు నేల. మిగిలినవి జారిపడ్డవి కావు. ఒక గది నేల ఎలాగూ ప్రమాదకరమే అని లోకం ఒప్పుకున్నందువల్ల ఆ గది చాలామంది మగవాళ్ళకు సాక్ష్యం చెబుతోంది. నేల బాగుచెయ్యడం అంటే ఆ దొంగసాక్ష్యాన్ని కూడా కొంత తీసెయ్యడమే.

మూడోది కొక్కేలు, అరలు. అయిదున్నర మీటర్ల చీర, లంగా, జాకెట్టు, తువ్వాలు, మార్చుకునే బట్టలు. వీటికి ఒక్క మేకు. ఆ మేకుకూ తుప్పు. మగవాడి లుంగీకి ఒక మేకు చాలు కాబట్టి గదికీ ఒకటే చాలింది. కనీసం మూడు కొక్కేలు, నీళ్ళు చిందని ఎత్తులో ఉండాలి. మన ప్రాంతపు తేమకు ఇనుము ఆగదు, ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో కొనాలి. మన ఆడవాళ్ళ సగటు ఎత్తు సుమారు 5 అడుగులు. కొక్కెం ఆరడుగుల ఎత్తున కొడితే అది ఎవరి కోసం కొట్టినట్టు? అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ కీరా అనే ఆయన స్నానాల గదుల్లో మనిషి శరీరం ఎలా వంగుతుంది, ఎంత అందుకుంటుంది అని కొలిచి 1966లో ఒక పుస్తకమే వేశాడు. మనకు అంత పరిశోధన అక్కర్లేదు. ఆ ఇంటి ఆడమనిషిని గోడ దగ్గర నిలబెట్టి, చెయ్యెత్తమ్మా అని బొగ్గుతో గీత గీస్తే చాలు.

చిన్న అర ఒకటి ముట్టుబట్టలకు కావాలి. పొడిగా ఉండే చోట, చెయ్యి చాస్తే అందేలా. మూత ఉన్న డబ్బా ఒకటి. ముట్టుబట్టలను చీకటి మూలన, వేరే బట్టల కింద దాచి, సగం తడితోనే మళ్ళీ వాడటం వల్ల వచ్చే బాధలు మనకు తెలిసినవే. ఆ అర గోడలోనే కట్టేస్తే అయ్యే ఖర్చు నాలుగు ఇటుకలు తగ్గడమే. అయినా ఏ నమూనా ప్లానులోనూ నాకు ఆ అర కనబడలేదు.

నాలుగోది కుళాయి, వెలుతురు. కుళాయి నేలకు రెండడుగుల పైన ఉంటే బకెట్టు కిందికి దూరుతుంది. తక్కువ ఎత్తులో పెడితే చెంబుతో పట్టి బకెట్టులో పొయ్యాలి. స్విచ్చి బయట ఉండాలి, కానీ తలుపు పక్కనే. వెంటిలేటరు నేలకు ఏడడుగుల ఎత్తున, రేకులు కిందికి వాలి ఉండాలి. గాలి రావాలి, చూపు రాకూడదు. ఇంకో సంగతి. నీళ్ళు కాచుకునే కరెంటు కడ్డీ. బకెట్లో వేసి, ప్లగ్గు తియ్యడం మరిచి చెయ్యి పెట్టి పోయినవాళ్ళ వార్తలు ప్రతి చలికాలం చదువుతున్నాం. తెల్లవారుజామున ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచేది ఎవరో వేరే చెప్పాలా? లీకయిన కరెంటును పసిగట్టి ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు మీటరు దగ్గర పెట్టించమనండి. అది వంటింటినీ కాపాడుతుంది.

అయిదోది పట్టుకోవడానికి కమ్మీ. నిండుచూలాలు, మోకాళ్ళు అరిగిన ముసలామె, కాలు సరిగా లేని పిల్ల. వీళ్ళు కూర్చుని లేవడానికి గోడకు నిలువుగా ఒక కమ్మీ ఉంటే చాలు. కూర్చున్నప్పుడు అందాలి, లేచి నిలబడేదాకా చెయ్యి జారకుండా పైకి పాకాలి. మనిషి బరువు ఆగాలంటే స్క్రూ ఇటుకలోకి దిగాలి. ఇటుకల మధ్య సిమెంటులోకి దిగితే ఊడి చేతికొస్తుంది. తలుపు బయటికి తెరుచుకునేలా పెడితే లోపల పడిపోయిన మనిషిని బయటికి తియ్యడం సులువు.

ఇక గదికి వెలుపల ఉన్నదాని గురించి కూడా మాట్లాడాలి. మన ఒకరి చాటు ఇంకొకరి నెత్తిన పెట్టి సంపాదించుకున్న చరిత్ర ఉంది మనకు. ఈ ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళకు వెనక సందులో ఒక చిన్న తలుపు ఉండేది. పాకీపని చేసే స్త్రీ అటునుంచి వచ్చి అటే వెళ్ళేది. ఇంట్లో స్త్రీ మర్యాద ఆ స్త్రీ తట్టలో పోయేది. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు ఇది. ఆ సంస్కరణ వెలుగు వీధి గుమ్మం దాకా వచ్చింది కానీ ఆ వెనక తలుపు దాకా వెళ్ళలేదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. ఎస్.ఆర్. శంకరన్ గారు, బెజవాడ విల్సన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఊరూరూ తిరిగి పాకీదొడ్లు కూలగొట్టించారు. కాబట్టి మన గదికి ఏ గొయ్యి తవ్వుతున్నామన్నది కూడా హక్కుల ప్రశ్నే. రెండు గుంతల పద్ధతిలో ఒకటి నిండాక రెండోదానికి మళ్ళిస్తారు. మొదటిది రెండేళ్ళు ఆగితే ఎరువవుతుంది, ఎవరూ అసహ్యం ఎత్తక్కర్లేదు. అయితే డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది. గుంత అడుగు మూసి, చుట్టూ అరమీటరు మందాన సన్న ఇసుక నింపాలి. గుంతను నూతికీ బోరింగుకీ వీలైనంత దూరంగా పెట్టాలి. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ వరద వచ్చినప్పుడు లంకల్లో ఏ నీరు ఏ నీటిలో కలిసిందో తలుచుకోండి.

ఇవన్నీ ఎవరు చెయ్యాలి? ఇక్కడే అసలు చిక్కు.

మా ఇంటి సంగతి కొంచెం చెబుతాను. మా అమ్మ రెండేళ్ళ క్రితం స్నానాల గదిలో నిజంగానే జారిపడింది. గది బాగుచేయిద్దామని మేస్త్రిని పిలిచాను. గచ్చు, బండలు అయ్యాక ఆయన, "మిగతావి చిల్లర పనులండి, వాటికి రోజు కూలి గిట్టదు, అయ్యగారు చూసుకుంటారు లెండి" అని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో అయ్యగారు లేరు. నేనే డ్రిల్లు మిషను అద్దెకు తెచ్చాను. బండ మీద ములుకు జారకుండా ముందు ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద గుర్తు పెట్టుకోవాలని, బండ దాటేదాకా సుత్తి మీట నొక్కకూడదని షాపులో కుర్రాడు చెప్పాడు. మొదటి బండ పగిలింది. రెండోది పగల్లేదు. కుళాయి మరకు తెల్ల టేపు ఏ వైపు చుట్టాలో మూడుసార్లు నీళ్ళు కారాక తెలిసింది. మర తిరిగే వైపే చుట్టాలి. సోషియాలజీలో డాక్టరేటు చేసి, నలభై ఏళ్ళు దాటాక, ఒక స్క్రూ ఎలా పట్టుకుంటుందో నేర్చుకున్నాను. మా తమ్ముడికి అది పన్నెండేళ్ళకే తెలుసు. మా నాన్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. నన్ను టార్చిలైటు పట్టుకోమన్నాడు.

ఇంట్లో పనిముట్ల పెట్టె మగవాడిది, వంటసామాను ఆడదానిది అన్న పంపకం ప్రకృతి చేసింది కాదు. కట్టుబడి పనుల్లోనూ ఇదే పంపకం. ఇసుక, ఇటుక, కంకర, నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు మోసినా ఆమె ఆడకూలీయే. తాపీ ఆమె చేతికి రాదు. 1976లో సమాన వేతన చట్టం వచ్చినా ఆమెకు సమాన వేతనం రాలేదు. ఎందుకంటే పనే వేరని అన్నారు. 'మేస్త్రి' అన్న మాటకు మన భాషలో స్త్రీలింగం కూడా లేదు. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ దొడ్లు కట్టడానికి పల్లె స్త్రీలకు తాపీపని నేర్పారు. 'రాజ్ మిస్త్రీ' అన్న మాటను తిప్పి వాళ్ళను 'రాణీ మిస్త్రీ' అన్నారు. పేరు అలంకారంగా ఉంది కానీ తాపీ నిజమైనదే, కూలి నిజమైనదే.

అయితే ఒక హెచ్చరిక. 'మీ గది మీరే బాగుచేసుకోండి, చవకగా అవుతుంది' అన్న మాట వినడానికి బాగుంటుంది. జాగ్రత్తగా వినకపోతే అది ఇంకో చాకిరీ. వంట, పిల్లలు, కూలి, పొదుపు సంఘం అప్పు కట్టడం, వీటి మీద ఇప్పుడు ప్లంబింగు కూడా. పథకంలో చాలని డబ్బును స్త్రీల జీతంలేని శ్రమతో పూడ్చడం పాలకులకు కొత్త కాదు. కాబట్టి నా ఉద్దేశం స్పష్టంగా చెబుతాను. స్త్రీలకు పనితనం తెలియాలి, ఎందుకంటే తెలిసినవాళ్ళనే మేస్త్రి మోసం చెయ్యలేడు, భర్త మాట దాటవెయ్యలేడు. కానీ తెలిసినందువల్ల ఆ పని ఆమె నెత్తిన పడకూడదు. ఆమె పనిచేస్తే కూలి రావాలి. తన ఇంట్లోనే చేసుకుంటే ఇంట్లో ఇంకో పని ఇంకొకరు ఎత్తుకోవాలి.

చట్టం గురించి రెండు మాటలు. సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న ఏకాంతం ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడటం, ఫొటో తీయడం 2013 సవరణ నుంచి నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. 2005 గృహహింస చట్టం కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. కానీ హక్కు కాగితం మీదనుంచి ఇంట్లోకి ఏ దారిన వస్తుంది? రాత్రి తాగి వచ్చినవాడు చెయ్యెత్తినప్పుడు, ఒక్క గది ఇంట్లో ఆమె లోపలినుంచి మూసుకోగలిగిన తలుపు ఒక్కటే. స్నానాల గది తలుపు. 'ఆ రాత్రి బాత్‌రూములో కూర్చున్నానండి తెల్లారేదాకా' అని మనకు చెప్పిన స్త్రీలు లేరా? ఆ గెడ ఆ రాత్రి ఆమెకు చట్టం చేసిన పని చేసింది. ఒక గది, దానికి తాళం ఉండాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో రాసింది రాసుకునే స్త్రీల కోసం. మన ఆడవాళ్ళలో చాలామందికి ఇంకా బతకడానికే ఆ తాళం కావాలి.

మనం ఏం చెయ్యగలమో చెప్పి ముగిస్తాను. మొదటిది, ఊళ్ళకు వెళ్ళినప్పుడు దొడ్డి ఉందా లేదా అని మాత్రమే రాసుకోవద్దు. లోపల గెడ ఉందా, నీళ్ళు ఎంత దూరం, కొక్కేలెన్ని, దీపం ఉందా, కమ్మీ ఉందా అని రాసుకుందాం. రెండోది, ఇళ్ళ పథకాల్లో చివరి విడత బిల్లు ఈ అమరికలన్నీ పూర్తయ్యాకే, అదీ పట్టాదారైన స్త్రీ 'అయింది' అని సంతకం పెట్టాకే ఇవ్వాలని అడుగుదాం. ఆ వాటా డబ్బు ముందే విడిగా పెట్టాలి. మూడోది, కట్టుబడి పనిలో ఉన్న స్త్రీలకు తాపీ, ప్లంబింగు, కరెంటు పనుల్లో శిక్షణ, మేస్త్రి కూలి అడుగుదాం. నాలుగోది, 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న మొదటిరోజే పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. అప్పుడు లెక్క జనానికీ మెట్లకూ సంబంధించినది. ఈసారి రేవుల్లో స్త్రీలు బట్టలు మార్చుకునే గదులకు గెడలు, కొక్కేలు, మూత ఉన్న డబ్బాలు, రాత్రి దీపాలు ఉన్నాయో లేదో చూసే కమిటీల్లో స్త్రీలుండాలని ఇప్పుడే అడగాలి. రేకులు కట్టేశాక అడిగితే లాభం లేదు.

ఆ కాలనీకి మళ్ళీ వెళ్ళాను. గెడ నేను బిగించలేదు. స్క్రూడ్రైవరు ఆ పిల్ల చేతికి ఇచ్చాను. అది చాలాసేపు కష్టపడింది. ఒక స్క్రూ వంకరగానే దిగింది. బిగించాక లోపలికి వెళ్ళి గెడ వేసుకుంది. బయట మేమంతా ఎదురుచూశాం. ఎంతకీ రాలేదు. వాళ్ళమ్మ కంగారుగా, "ఏమే, ఏం చేస్తన్నావు లోపల?" అని పిలిచింది.

"ఏం లేదమ్మా, ఊరికే ఉన్నాను" అంది లోపలినుంచి.